'హై రిస్క్ ప్లాక్' అని రిపోర్టులో వస్తే ముందే స్టెంట్ వేయించుకోవాలా?

భీమవరం ఆసామి:
మా బావగారికి 54 ఏళ్లు, షుగర్ ఉంది. నొప్పి, ఆయాసం ఏమీ లేవు. అయినా సీటీ యాంజియో (గుండె రక్తనాళాల స్కాన్) తీయిస్తే 40 శాతం బ్లాక్, కింద 'హై రిస్క్ ప్లాక్' (నాళం గోడలో ప్రమాదకరమైన కొవ్వు గట్టు) అని వచ్చింది. ఒక డాక్టరు గారు మందులు చాలన్నారు, ఇంకొకరు స్టెంట్ వేసేస్తే నిశ్చింత అన్నారు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆ 'హై రిస్క్' అన్న మాటను ఎంతవరకు నమ్మాలండీ?

కాకినాడ స్కానింగ్:
తీసిపారేయకండి. గుండెపోటు చాలాసార్లు పూడిక వల్ల కాకుండా గట్టు తెగి వస్తుంది. ఆ గట్టే ప్లాక్: లోపల కొవ్వు, పైన పల్చటి పొర. పొర చిట్లితే రక్తం గడ్డకడుతుంది. సీటీలో 30 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రత కొలమానం) లోపు సాంద్రత, అంటే మెత్తటి ప్లాక్, నాళం గోడ బయటికి ఉబ్బడం, చుక్కలుగా కాల్షియం, ప్లాక్ చుట్టూ ఉంగరంలా గీత... వీటిలో రెండు కనిపిస్తే 2022 నాటి క్యాడ్-రాడ్స్ 2.0 (గుండె సీటీ రిపోర్టులు రాసే పద్ధతి) ప్రకారం 'హై రిస్క్ ప్లాక్' అని రాస్తాం.

రావులపాలెం అరటితోట:
నొప్పి లేని మనిషికి సీటీ ఎందుకు తీశారో! సరే, ప్రమాదకరమైన పొర మందం 65 మైక్రాన్ల లోపు. సీటీకి అది కనపడదు, ఆనవాళ్లే కనపడతాయి. 2011లో వచ్చిన ప్రాస్పెక్ట్ పరిశోధనలో నాళంలోకి అల్ట్రాసౌండ్ పంపి మరీ చూశారు. పొర పల్చగా ఉందనుకున్న చోట్లలో మూడేళ్లకు నూటికి ఐదింటితోనే గుండె ఇబ్బంది వచ్చింది. మిగతా వాటికి స్టెంట్ దండగే కదా?

తణుకు:
2024 ప్రివెంట్ ట్రయల్ చూడండి. 1606 మంది. రెండేళ్లలో ముందే స్టెంట్ వేసినవాళ్లలో 0.4 శాతానికి, మందులే వాడినవాళ్లలో 3.4 శాతానికి గుండె ఇబ్బంది. నేనైతే వేయించేసుకుంటానండీ, ఆయ్.

రావులపాలెం అరటితోట:
వాళ్లంతా 50 శాతం పైన బ్లాక్ ఉన్నవాళ్లండీ బాబూ! పైగా సీటీ కాగితం చూసి ఎంచలేదు, నాళం లోపలికి వెళ్లి పరీక్షించి ఎంచారు. బావగారిది 40.

కాకినాడ స్కానింగ్:
స్టెంట్ వేయమని నేనూ అనలేదు. స్కాట్-హార్ట్ అనే సీటీ పరిశోధనలో మెత్తటి ప్లాక్ 4 శాతం దాటినవాళ్లకి గుండెపోటు ముప్పు దాదాపు ఐదు రెట్లు. మందులు గట్టిగా వాడించడానికి ఆ మాట చాలు. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే బిళ్ల) వాడుతున్నారా?

భీమవరం ఆసామి:
కాళ్లు పీకుతున్నాయని మానేశారండీ.

రావులపాలెం అరటితోట:
చూశారా! స్టెంట్ సంగతి తర్వాత, ముందు ఆ బిళ్ల సంగతి తేల్చండి. మోతాదు తగ్గించడమో, వేరే స్టాటినో, ఎజెటిమైబో (ఇది ఇంకో రకం కొలెస్ట్రాల్ మందు) డాక్టరుగారినే అడగండి. మళ్లీ స్కాన్ తీసినప్పుడు కాల్షియం పెరిగిందని హడలిపోకండి, స్టాటిన్ పడితే మెత్తటి ప్లాక్ గట్టిపడుతుంది.