ఐదో అంతస్తు నుంచి కారుకి కాపలా: ఏ కెమెరా కొనాలి?

కొత్తగా వచ్చినాయన అడిగింది

అన్నయ్యలకి, అక్కలకి నమస్కారం. ఉద్యోగం మీద విజయనగరం నుంచి బరంపురం వచ్చి నెల్లాళ్లయింది. గాంధీనగర్‌లో ఐదో అంతస్తులో అద్దెకి దిగాం. కింద పార్కింగ్ ఓనర్లకే అన్నారు. అందుకని కారు రోడ్డుకి అవతల, ప్రహరీ పక్కన పెడుతున్నాను. మొన్న పొద్దున చూస్తే తలుపు మీద మేకుతో గీసినట్టు బారెడు గీత. అప్పట్నుంచి టెన్షన్. రాత్రి రెండుసార్లు లేచి బాల్కనీలోంచి తొంగి చూస్తుంటే మా ఆవిడ నవ్వుతోంది. కెమెరా కోసం షాపుకి వెళితే ఐదు మెగాపిక్సెల్ తీసుకోండి, అన్నీ కనిపిస్తాయి అంటున్నారు. నాకు ఒడియా సగమే అర్థమవుతోంది. ఏది కొనాలి?

ఇక్కడ పాతబడిన ఒకాయన జవాబు

తమ్ముడూ, ఆ షాపులో నువ్వు అడగాల్సింది మెగాపిక్సెల్ సంగతి కాదు, లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లో అడుగు. నేను అడగలేదు. నాలుగో అంతస్తులో కెమెరా పెట్టి రెండేళ్లు నిశ్చింతగా నిద్రపోయాను. ఒకరోజు కారు అద్దం ఎవరో విరిచేశారు. వీడియో తీసి ఎదురింటి ఒడియా ఆయనకి చూపిస్తే, కళ్లజోడు సవరించుకుని "భాయినా, గాడి కౌఠి?" అన్నాడు. కారెక్కడుంది అని! వీధి మొత్తం ఉంది, కిరాణా కొట్టు ఉంది, ఆవులున్నాయి, మా కారు మాత్రం అగ్గిపెట్టంత. దాని పక్కన నువ్వుగింజంత మనిషి.

లెక్క చెబుతాను, ఓపిగ్గా చదువు. అంతస్తుకి 3 మీటర్లు వేసుకుంటే నీ బాల్కనీ ఎత్తు సుమారు 15 మీటర్లు. కారు మీ బిల్డింగ్ గోడకి 20 మీటర్ల దూరంలో ఉందనుకో. తాపీమేస్త్రీలు మూలమట్టం చూసుకునే 3-4-5 లెక్కే ఇది. కెమెరా నుంచి కారుకి ఏటవాలు దూరం 25 మీటర్లు. ఇళ్లకి పెట్టే మామూలు కెమెరాల లెన్స్ 2.8 ఉంటుంది, లేదా 4. వీటిలో ఎక్కువగా వాడే సెన్సర్ వెడల్పు 5.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. దూరాన్ని 5.6తో హెచ్చవేసి లెన్స్‌తో భాగిస్తే, కెమెరాకి ఎంత వెడల్పు కనిపిస్తుందో వస్తుంది. 2.8 లెన్స్‌తో ఏకంగా 50 మీటర్లు! అందులో నీ కారు 4 మీటర్లు, అంటే బొమ్మలో పన్నెండో వంతు. రెండు మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 1920 చుక్కలు, అంటే పిక్సెళ్లు, ఉంటాయి. మీటరుకి 38 చుక్కలు పడతాయి. కారు నంబర్ ప్లేట్ వెడల్పు అర మీటరు, దానికి 19 చుక్కలు. పది అక్షరాలు అందులో ఎలా ఇరుకుతాయో నువ్వే చెప్పు.

అదే 12 లెన్స్ పెడితే కనిపించే వెడల్పు 12 మీటర్లకి కాస్త తక్కువ. కారు బొమ్మలో మూడో వంతు వస్తుంది. నాలుగు మెగాపిక్సెల్ అయితే మీటరుకి దాదాపు 220 చుక్కలు. సీసీటీవీ ప్రమాణాల్లో తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి మీటరుకి 125, ముక్కూమొహం తెలియనివాణ్ణి పోల్చుకోవడానికి 250 కావాలంటారు. కాబట్టి మీ వీధివాడైతే దొరుకుతాడు. షాపులో "వేరీఫోకల్, 2.8 నుంచి 12" అని అడుగు, అంటే లెన్స్‌ని ఆ రెండింటి మధ్య కావలసినంతకి మార్చుకోవచ్చు. ఆ మాట ఏ భాషలోనైనా అదే. గుండ్రంగా తిరిగే వైఫై కెమెరా చూపించి ఇందులో జూమ్ ఉందంటారు. అది ఉన్న చుక్కల్నే సాగదీస్తుంది, దోసెపిండిలో నీళ్లు పోసినట్టు. తిరగడం వేరు, లెన్స్ జూమ్ వేరు.

కొనకముందే ఒక పని చెయ్యి. బాల్కనీలో నిలబడి ఫోన్ కెమెరాతో కారు ఫొటో తియ్యి. ఫోన్‌లో 1ఎక్స్ సుమారుగా 4 లెన్స్ చూపించేంత, 3ఎక్స్ 12 లెన్స్ చూపించేంత. మధ్యలో కరెంటు తీగలు, వేపకొమ్మలు అడ్డొస్తున్నాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

రాత్రి సంగతి. కిటికీ అద్దం లోపల్నుంచి పెట్టకు. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ దీపం అద్దానికి తగిలి తిరిగొచ్చి బొమ్మ తెల్లగా అయిపోతుంది. గ్రిల్ ఊచ దగ్గరగా ఉన్నా అంతే. నీ కారు పక్కన వీధిదీపం ఉంటే ఇన్‌ఫ్రారెడ్ ఆపేసి, తక్కువ వెలుతురులో రంగుల్లో తీసే కెమెరా తీసుకో. కెమెరా ముందుకి పురుగులు, పురుగులకి సాలీళ్లు. నెలకోసారి గూడు తుడవకపోతే రాత్రంతా అలర్టులే. అలర్టు వచ్చే చోటు కారు చుట్టూ మాత్రమే గీసుకో, లేకపోతే వీధికుక్కలు నీకు నిద్ర పట్టనివ్వవు.

ఇంకోటి, పై నుంచి చూసే కెమెరాకి టోపీ కనిపిస్తుంది, మొహం కనిపించదు. కారు మీ బిల్డింగ్ గోడకి ఎంత దగ్గరగా ఉంటే అంత నష్టం. ఎవడు అన్నది తేలాలంటే కింద గేటు దగ్గర మనిషి ఎత్తులో ఇంకో చిన్న కెమెరా ఉండాలి. నీ పైది ఎప్పుడు, ఏ వైపు నుంచి అన్నది చెబుతుంది, ఆ టైము పట్టుకుని కిందిది చూసుకోవడమే.

ఒక అక్క రాసింది

బాబూ, అన్నయ్యగారు లెక్కలన్నీ చెప్పారు, ఎదురింటి డాబా సంగతి మర్చిపోయారు. మేం కెమెరా పెట్టిన వారానికి ఎదురింటావిడ డాబా మీద అప్పడాలు ఎండబెట్టడం మానేసింది. నాతో మాటలు కూడా. తర్వాత పిలిచి ఫోన్‌లో చూపించి, ఆ డాబా వరకు నల్లముసుగు వేశాను. ఆ సౌకర్యం సెట్టింగుల్లో ఉంటుంది. నువ్వు ముందే చూపించెయ్యి, అపార్ట్‌మెంట్ సెక్రటరీకి, ఇంటి ఓనర్‌కి కూడా చెప్పు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మేం ఇక్కడే ఉన్నాం. ఇనుప రేకులు ఎగిరిపోయాయి. ఐదో అంతస్తులో కెమెరా అంటే గట్టి యాంకర్ బోల్టులు, దానికి తోడు ఒక స్టీలు తీగ కట్టించు. కింద ఎవరి నెత్తిన పడినా నీ కారు గీత కంటే పెద్ద గొడవ. దుమ్ముకి, వానకి తట్టుకుంటుందని చెప్పే ఐపీ66 లేదా 67 గుర్తు ఉన్నదే కొను. వైఫై రూటర్‌కీ కెమెరాకీ ఇన్వర్టర్ లైను ఉండాలి. వీడియో మెమరీ కార్డులో కూడా పడేలా పెట్టు. సెకనుకి రెండు మెగాబిట్లు అయితే రోజుకి 21 జీబీ పైనే, 128 జీబీ కార్డు ఐదారు రోజులకి వస్తుంది. ఇక్కడి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర, జరిగే నెలలో మాత్రం కారు అక్కడ పెట్టకు, ఆ జనంలో ఏ లెన్సూ పనికిరాదు.

మరో మాట, నీది ఆంధ్రా నంబరు కదా. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. మీ పాత ఆర్టీవో ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రానికి (ఎన్‌ఓసీ) ఇప్పట్నుంచే తిరుగు.

అడిగినాయన మళ్లీ

3ఎక్స్‌లో చూశాను. కారు ముందు సగాన్ని ట్రాన్స్‌ఫార్మర్ కప్పేస్తోంది! రెండు బారలు వెనక్కి జరిపితే మొత్తం కనిపిస్తోంది. వేరీఫోకల్ దొరికింది, ఆదివారం బిగిద్దామని. తెలుగు వచ్చిన ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉన్నారా?

పాతాయన

ఉన్నాడు, నేను తీసుకొస్తాను. డ్రిల్లింగ్ మిషన్ నా దగ్గరుంది, బిట్లు మొద్దుబారాయి, అవి నువ్వు తెచ్చుకో.