పాత సినిమాల క్విజ్‌లో అందరూ ఆడాలంటే ప్రశ్నలు ఎలా తయారుచేయాలి?

నలుపుతెలుపు అడిగారు:

అందరికీ నమస్కారం. మేం కొంతమందిమి నెలకోసారి కలిసి పాత తెలుగు సినిమాల మీద క్విజ్ ఆడుకుంటాం. ఈసారి ప్రశ్నలు తయారుచేసే పని నా మీద పడింది. సమస్య ఏంటంటే, ఎప్పుడూ ఇద్దరే జవాబులు చెప్పేస్తారు, మిగతావాళ్ళు అవే సినిమాలు లెక్కలేనన్నిసార్లు చూసినవాళ్ళే అయినా నోరు మెదపకుండా కూర్చుంటారు. ఏ సినిమా ఏ సంవత్సరం, నిర్మాత ఎవరు, ఎన్టీఆర్‌కి అది ఎన్నో సినిమా, ఇలాంటివే అడుగుతుంటాం. పోయినసారైతే మొదటి తెలుగు టాకీ విడుదల తేదీ మీద గొడవ జరిగి ఒకాయన మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. ఆయన మళ్ళీ రావాలి, అందరూ ఆడాలి. సలహా చెప్పండి.

పాటలపుస్తకం:

మీరు అడిగేవన్నీ బట్టీ పట్టినవాళ్ళకి పనికొచ్చే ప్రశ్నలండీ, అసలు చిక్కంతా అక్కడే ఉంది. గుండమ్మ కథ 1962లో వచ్చిందని తెలియనివాళ్ళు కూడా అందులో సూర్యకాంతం గారు ఎలా నడిచారో, ఎవర్ని ఎలా దెప్పారో పూసగుచ్చినట్టు చెప్తారు. కాబట్టి సినిమా చూసినవాళ్ళకి కళ్ళముందు కదిలేది అడగండి. ఉదాహరణకి మాయాబజార్ ఉంది కదా. దర్శకుడు ఎవరంటే కె.వి.రెడ్డి అని ఒకరు టక్కున అనేస్తారు, అయిపోయింది. అదే "ఈ కథలో అభిమన్యుడు ఉన్నాడు, సుభద్ర ఉంది, కౌరవులు ఉన్నారు, కానీ తెర మీద అసలు కనిపించని అన్నదమ్ములు ఎవరు?" అని అడిగి చూడండి. పాండవులు లేరన్న సంగతి చాలామందికి అప్పటిదాకా తట్టదు, తట్టగానే సినిమా మొత్తం మనసులో ఒకసారి తిరగేసుకుంటారు. ఆ నిమిషంలోనే ఉంది మజా అంతా.

ఇంకోటి, జవాబుకి రెండు దారులుండాలి. "మాయాబజార్‌లో ఏఎన్నార్ వేసిన అభిమన్యుడి వేషం, మిస్సమ్మలో ఎన్టీఆర్ వేసిన వేషం, తమిళంలో రెండూ ఒకాయనే వేశారు, ఎవరు?" ఒక సినిమా సంగతి తెలిసినా చాలు, జెమినీ గణేశన్ అని పట్టేసుకోవచ్చు. జట్లుగా ఆడితే ఒకరు సగం చెప్తే ఇంకొకరు మిగతాది అందుకుంటారు. మీ ఇద్దరు ఘనుల్ని మాత్రం వేరే వేరే జట్లలో వేయండి.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరు ముందు అరిస్తే వాళ్ళకి పాయింటు అనే పద్ధతి తీసేయండి. అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, ఒక నిమిషం టైమిచ్చి రాయమనండి. నెమ్మదిగా ఆలోచించేవాళ్ళకి తెలియక కాదు, అవకాశం రాక మాట్లాడరు.

వెండితెర:

పై సలహా చాలా బాగుంది. నేను గొడవ గురించి చెప్తాను. మొదటి తెలుగు టాకీ, అంటే మాటలున్న సినిమా, భక్త ప్రహ్లాద విడుదల తేదీ 1931 సెప్టెంబర్ 15 అని ఏళ్ళ తరబడి రాశారు, ఆ తర్వాత పరిశోధన చేసి 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. రెండు రకాల పుస్తకాలూ ఉన్నాయి, అందుకే ఇద్దరూ మా పుస్తకంలో ఉందంటే ఇద్దరూ నిజమే చెప్తున్నారు. లేచి వెళ్ళిన ఆయనకి ఈ సంగతి ఫోన్ చేసి చెప్పండి, అవమానం జరిగిందన్న బాధ పోతుంది.

ఇలాంటి వాటికి ప్రశ్న రాసేటప్పుడే జాగ్రత్త పడాలి. మాయాబజార్ సంగీతం ఎవరు అని అడిగారనుకోండి, ఘంటసాల అంటారు, వెంటనే ఇంకొకరు కొన్ని పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారివి కదా అంటారు. అదీ నిజమే, ఆయన మొదట కొన్ని బాణీలు కట్టి తర్వాత తప్పుకున్నారు. "టైటిల్స్‌లో సంగీత దర్శకుడిగా ఎవరి పేరు పడింది?" అని రాస్తే ఏ తగువూ ఉండదు. అలాగే ఊరికే దేవదాసు అనకండి, 1953లో ఏఎన్నార్‌ది, 1974లో కృష్ణ గారిది, 2006లో ఇంకొకటి ఉన్నాయి. హీరో పేరు కలిపి చెప్పండి.

సరిచూసుకోవడానికి సినిమా టైటిల్సే మొదట చూడండి. నెట్‌లో దొరికే కాపీల్లో ఒక్కోసారి టైటిల్స్ కత్తిరించేసి ఉంటాయి, ఇంకో కాపీ వెతకాలి. గాయకుల పేర్లు మాత్రం టైటిల్స్‌లో గుత్తగా వేస్తారు, ఏ పాట ఎవరిదో తెలియదు. దానికి పాత గ్రామఫోన్ రికార్డు మీద ముద్రించిన పేరే ఆధారం. ఇంత చేసినా తగువొస్తే ఆ ప్రశ్న రద్దు, పాయింట్లు ఎవరికీ లేవు, ఈ రూలు ఆట మొదలయ్యే ముందే అందరిచేతా ఒప్పించండి.

నలుపుతెలుపు:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఆయనకి ఇవాళే ఫోన్ చేస్తాను. ఇంకో సందేహం, కొందరు బల్ల కింద ఫోన్లో వెతికేస్తున్నారు, దానికేం చేయాలి? పాటల రౌండ్ కూడా పెట్టాలని ఉంది.

పాటలపుస్తకం:

ఫోన్లు లాక్కుంటే చిన్నబుచ్చుకుంటారు. వెతికినా దొరకనివి అడగండి. పాట పల్లవి వినిపించకండి, పల్లవికి ముందు వచ్చే వాద్యసంగీతం కొద్దిగా వినిపించి ఆపేయండి. గుర్తుపడితే మూడు పాయింట్లు, ఇంకాస్త వింటే రెండు, గొంతు వినపడ్డాక ఒకటి. మాటలు మ్యూట్ చేసి సన్నివేశం చూపించి డైలాగ్ చెప్పమన్నా బాగుంటుంది, మాయాబజార్‌లో మాయా శశిరేఖగా సావిత్రి గారు ఘటోత్కచుడిలా ఠీవిగా నడిచే చోటు పెట్టండి, ఆ రౌండ్‌లో మాట్లాడనివాళ్ళు ఉండరు.

గొంతుల మీద కూడా మంచి ప్రశ్నలొస్తాయి. మిస్సమ్మలో ఎన్టీఆర్‌కి పాడింది ఘంటసాల కాదు, ఎ.ఎం.రాజా. మాయాబజార్‌లో ఘటోత్కచుడి భోజనం పాట మాధవపెద్ది సత్యం గారిది, ఆ వేషం వేసిన ఎస్వీఆరే పాడారనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అంత అతికింది.

నలుపుతెలుపు:

సరే, ఒకటి రాశాను, చూడండి. "1961లో వచ్చిన సీతారామ కళ్యాణంలో రాముడు ఎవరు?"

వెండితెర:

హరనాథ్. ప్రశ్న తప్పేం లేదు గానీ సంవత్సరం తీసేసి ఇలా అడగండి: "రాముడంటే అందరికీ గుర్తొచ్చే నటుడు, తనే దర్శకత్వం వహించిన సినిమాలో రావణుడు వేశాడు. అందులో రాముడెవరు, సినిమా ఏది?" రెండిటికీ చెరో పాయింటు ఇవ్వండి.