సర్వరును ‘పవళింపజేయడమా’, ‘కట్టేయడమా’?

తిరుపతి నుంచి అడుగుతున్నాను సార్. నెట్‌వర్క్ మీద డిస్కును అందించే స్టోరేజీ సర్వరు ప్రోగ్రాముకు తెలుగులో వాడకం పుస్తకం రాస్తున్నాం. ‘గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్’ (చేతిలో ఉన్న పని ముగించుకుని సర్వరు ఆగడం) దగ్గర కలం ఆగింది. ఒకరు ‘సొగసైన మూసివేత’ అన్నారు, మనసొప్పలేదు. తిరుమలలో రాత్రి ఏకాంతసేవకు తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని ఒక వరస ఉంది కదా. అది తలచుకుని ‘పవళింపు’ అందామా అనుకుంటున్నాం.

— వరస అన్నారు చూడమ్మా, ప్రాణం అక్కడే ఉంది. పవళింపు మాత్రం వద్దు. పవళించిన స్వామికి తెల్లారితే సుప్రభాతం ఉంది. కంప్యూటరును నిద్రపుచ్చే ‘సస్పెండ్’కు ఆ మాట నప్పుతుంది. ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న ప్రోగ్రామును, ముగిస్తే దాని మెమరీలో ఉన్నదంతా పోతుంది, మళ్లీ లేచేది వేరే ప్రాసెస్.

మన చిత్తూరు పక్క ‘అంగడి కట్టేస్తా ఉండారు’ అంటాం. అందులో కాస్త వ్యవధి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లను రేపు రమ్మంటారు, లోపలున్నవాళ్లకు తూచి ఇచ్చే పంపిస్తారు. సిగ్‌టర్మ్, అంటే ‘ఇక ముగించు’ అనే సంకేతం, అందిన సర్వరు పనీ అదే. కొత్త కనెక్షన్లు తీసుకోవడం మానాలి, చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించాలి, బఫర్లలో (మెమరీలోని తాత్కాలిక చోట్లలో) నిలిచిన రాతలను ఎఫ్‌సింక్ అనే కాల్‌తో డిస్కుకు చేర్చాలి. నెట్‌వర్క్ మీద డిస్కును అందించే ఎన్‌బీడీ ప్రోటోకాల్‌లో క్లయింటు సెలవు తీసుకున్నా, అంతకుముందు పంపిన రిక్వెస్టులను పూర్తిచేశాకే సర్వరు ఆ కనెక్షన్ వదలాలి. ఈ వ్యవధికి హద్దు ఉంటుంది: మార్చకపోతే, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 90 సెకన్లు, కంటెయినర్లను నడిపే కుబర్నెటీస్ 30 సెకన్లు ఆగి, ఆపైన ఉన్నపళంగా ఆపేసే సిగ్‌కిల్ సంకేతం పంపుతాయి. దాన్ని పట్టుకుని ఆపడం ఏ ప్రోగ్రాముకూ కుదరదు. అక్కడ ‘చంపడం’ అనే రాయండి, మెత్తబరచొద్దు.

— అన్నా, మా కోస్తాలో ‘దుకాణం కట్టేశాడు’ అంటే వ్యాపారమే ఎత్తేశాడని. ‘కట్టేయడం’ అనగానే గొడ్డూ గుర్తొస్తుంది.

— నిజమే. అయితే మొదటిసారి ‘పని ముగించి కట్టేయడం’ అని పూర్తిగా రాస్తే రెండు వైపులా అందుతుంది.

— ‘రిసోర్స్ క్లీనప్’కు ‘వనరుల శుభ్రత’ అని రాసుకున్నాం సార్.

— అది తప్పకుండా మార్చమ్మా. అక్కడ మురికేమీ లేదు. మెమరీ, ఫైల్ డిస్క్రిప్టర్లు (తెరిచిన ఫైళ్ల గుర్తులు), లాకులు అన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర తీసుకున్నవే, కాబట్టి ‘అప్పజెప్పడం’. ఎవరికి, ఎప్పుడు అన్న ప్రశ్నలు ఆ మాటతోనే వస్తాయి, పుస్తకంలో వాటికి జవాబు ఉండాలి. ప్రాసెస్ పోతే లినక్స్ కెర్నల్ దాని మెమరీని, తెరిచిన ఫైళ్లను తానే వెనక్కి తీసుకుంటుంది. అదే మెషీన్‌లోని ప్రోగ్రాములు సర్వరుతో మాట్లాడే యునిక్స్ సాకెట్ ఫైలు మాత్రం డిస్కు మీదే పడి ఉంటుంది. దాన్ని తీసేయకుండా మళ్లీ మొదలుపెడితే ‘ఈ అడ్రస్ వాడుకలో ఉంది’ అంటూ బైండ్ (సర్వరు ఆ అడ్రస్‌ను పట్టుకోవడం) విఫలమవుతుంది. ఇక థ్రెడ్ (ప్రాసెస్ లోపల విడిగా సాగే పని వరస) పనిచేస్తుండగానే అది వాడే బఫర్‌ను అప్పజెప్పేస్తే సర్వరు కూలవచ్చు, రాత పాడైపోవచ్చు కూడా. అందుకని ‘థ్రెడ్లన్నీ ముగిశాకే అప్పజెప్పాలి’ అన్న వాక్యాన్ని ఆ అధ్యాయంలో ముందే పెట్టండి.