బెంగాలీ మాట్లాడితే పని ఇవ్వకపోవడం జాగ్రత్తా, వివక్షా?

గోదారోడు_గురుగ్రామ్:
వచ్చే ఆదివారం మా సొసైటీ మీటింగ్‌లో ఒక తీర్మానం పెడుతున్నారు. ఇంటి పనికి, వంటకి, కార్లు కడగడానికి బెంగాలీ మాట్లాడేవాళ్లను ఇకపై కొత్తగా పెట్టుకోకూడదట. 2025 జులైలో ఇక్కడ ఏం జరిగిందో తెలిసే ఉంటుంది. అక్రమ బంగ్లాదేశీయుల వేట అంటూ పోలీసులు బెంగాలీ మాట్లాడే కూలీలను తీసుకెళ్లి కమ్యూనిటీ సెంటర్లలో ఉంచారు. కాగితాలు చూశాక చాలామందిని వదిలేశారు. కానీ ఈలోగా భయపడి బస్తీలకు బస్తీలే ఖాళీ అయ్యాయి, చెత్త ఎత్తే దిక్కు లేకుండా పోయింది. తర్వాత కొందరు తిరిగొచ్చారు. ఇప్పుడు మా గేటు దగ్గర సూపర్‌వైజర్ ముందు ఊరు అడుగుతున్నాడు. బీహార్‌లోని సమస్తీపూర్ అంటే ఫోన్ నంబరు రాసుకుంటాడు. బెంగాల్‌లోని కూచ్ బెహార్ అంటే రిజిస్టర్ మూసేస్తాడు. నేను తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేద్దామనుకుంటున్నా, మా ఆవిడ వద్దంటోంది. మీరేమంటారు?

సూటిగా_సుబ్బు:
మీ ఆవిడ మాట వినండి. ఇల్లు నాది, జీతం ఇచ్చేది నేను. రేపు పోలీసులొస్తే స్టేషన్ చుట్టూ తిరిగేదీ నేనే. ఆధార్ చూపిస్తారు కదా అంటారేమో, ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతోంది. సరిహద్దు దళం తేల్చలేని విషయాన్ని నేను వంటింట్లో నిలబడి ఎలా తేలుస్తాను? అనుమానం ఉన్నచోట తప్పుకోవడం కూడా నేరమేనా?

నల్లకోటు:
సుబ్బు గారూ, నేరం కాదు, అక్కడే వచ్చింది చిక్కు. పుట్టిన చోటు, నివాసం చూసి వివక్ష చూపకూడదని రాజ్యాంగం 16(2)లో ఉంది గానీ అది ప్రభుత్వ ఉద్యోగాలకే. వికలాంగుల చట్టం (2016), హెచ్‌ఐవీ చట్టం (2017), ట్రాన్స్‌జెండర్ చట్టం (2019) ప్రైవేటువాళ్లనూ కట్టడి చేస్తాయి. భాష చూసి పని ఇవ్వనంటే అడిగే అలాంటి చట్టం మనకు లేదు. పైగా ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం (2025) కింద, నేను ఈ దేశం వాడినే అని నిరూపించుకోవాల్సిన భారం ఆ కూలీదే. పశ్చిమ బెంగాల్ వలస కార్మికుల సంక్షేమ బోర్డు తరఫున పిటిషన్ పడితే, భాషను బట్టి విదేశీయుడని అనుకుంటున్నారా అని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టే కేంద్రాన్ని అడిగింది. కానీ ఆ ప్రశ్న మీ సూపర్‌వైజర్‌ను ఎవరు అడుగుతారు?

కూచ్ బెహార్ అన్నారు కాబట్టి ఒక మాట. 2015లో భారత్, బంగ్లాదేశ్ సరిహద్దు పల్లెలను మార్చుకున్నప్పుడు అక్కడి 14 వేల పైచిలుకు మంది భారత పౌరులయ్యారు. వాళ్లకు పౌరసత్వం ఇచ్చింది మన ప్రభుత్వమే. వాళ్లలో ఒకరు మీ గేటు దగ్గరికొస్తే?

సూటిగా_సుబ్బు:
లా పాయింట్లు బాగున్నాయి. మరి ఆంధ్రాలో 2019లో ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసినప్పుడు ఎవరికీ నొప్పి పుట్టలేదే? ముల్కీ కోసం తలలు పగలగొట్టుకున్న జాతి మనది. మనం చేస్తే హక్కు, గురుగ్రామ్‌వాడు చేస్తే వివక్షా?

నల్లకోటు:
హర్యానా కూడా అదే 75 శాతం చట్టం చేసింది. 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టేసింది. నాకు ఆ కోటాలు నచ్చవు, అది వేరే గొడవ. కానీ కోటా బయటివాళ్లందరినీ ఒకే గాటన కడుతుంది. మీ గేటు దగ్గర సమస్తీపూర్ లోపలికి, కూచ్ బెహార్ బయటికి. ఇద్దరూ హర్యానావాళ్లు కారు.

మాగాణి_పెద్దపల్లి:
ఢిల్లీ ముచ్చట నాకు తెల్వదు గానీ మా దగ్గర నాట్లకు బెంగాల్ ముఠాలు లేకపోతే నార్లు ముదిరిపోతయి. మన దగ్గర నాటు ఆడవాళ్ల పని, వాళ్లల్లో మగవాళ్లే వేస్తరు. పొద్దుపొడవక ముందే మడిలో దిగుతరు, తాడు పట్టి సాలు తప్పకుండా వేస్తరు. ఎకరానికి గుత్త, పైసలు ముఠా మేస్త్రీ చేతికే. వాళ్ల ఆధార్ కార్డులు నేనెప్పుడూ అడగలేదు. అట్లని అంతా బాగుందనను. గుత్త రేటు పడిపోయిందని మా ఊరి ఆడకూలీలకు వాళ్లంటే మంట. ఆ మంటలో న్యాయం ఉంది. వాళ్లయితే బంగ్లాదేశ్ అనలేదు, కూలి రేటు గురించే కొట్లాడుతున్నరు.

వసంత_నోయిడా:
పెద్దపల్లి అన్న చెప్పినదాంట్లోనే అసలు విషయం ఉంది. ఇదంతా రేటు గురించి. మా టవర్లలో వెళ్లిపోయి తిరిగొచ్చిన దీదీలను పెట్టుకోకుండా ఎవరూ లేరు. తక్కువకు పెట్టుకుంటున్నారు. "నిన్ను పెట్టుకోవడమే రిస్కు, పాత జీతం ఎలా ఇస్తాం" అని నా ముందే బేరమాడిందొకావిడ. అంట్లు, ఊడ్చి తడిగుడ్డ పెట్టడం, రెండు పూటలా రొట్టెలు, పని ఏమీ తగ్గలేదు. ఆదివారం సెలవు అడిగితే "పోలీసులకు ఫోన్ చెయ్యమంటావా" అని నవ్వుతూ అంటారు, జోకట. తీర్మానం పాసైనా పనివాళ్లు ఆగరు, రిజిస్టర్‌లో పేరు లేకుండా వస్తారు. అప్పుడు జీతం ఎగ్గొట్టినా అడిగేవాడుండడు. సుబ్బు గారు జాగ్రత్త అంటున్నారు, ఆ జాగ్రత్త ఖర్చు ఎవరి జీతంలోంచి పోతోందో చూడండి.

కార్ఖానా_సికింద్రాబాద్:
మా బంగారం పనిలో కారీగర్లు ఎక్కువమంది బెంగాలీలే. హుగ్లీ, మేదినీపూర్ నుంచి వస్తారు. గ్రాముల్లో తూచి బంగారం చేతికిస్తాం, సాయంత్రం తరుగు లెక్క చూసి తీసుకుంటాం. భాషంటే మాకెప్పుడూ భయం లేదు. కానీ నిజం చెప్పుకుందాం. బెంగాలీ అని పైకి అంటున్నారు, లోపల చూసేది పేరు. మా దగ్గర దాస్, పాల్ అంటే ఎవరూ రెండోసారి చూడరు. షేక్ అంటే ఎదుటి షాపువాడు వచ్చి "ఎవరితను" అని అడుగుతాడు.

గోదారోడు_గురుగ్రామ్:
మీ మాటకు సాక్ష్యం మా సొసైటీలోనే ఉంది. మా అసోసియేషన్ కోశాధికారి బెంగాలీ. కమిటీలో కూర్చుని ఈ తీర్మానం చదివిందీ ఆయనే. "సార్, ఇది మీకూ వర్తిస్తుందా" అని అడిగితే "మేం ఆ బెంగాలీలం కాదు" అన్నాడు. బంగ్లాదేశ్ సరిహద్దును ఆనుకున్న మాల్దాలో పుట్టాడట.

మూడోతరం_ఖరగ్‌పూర్:
మా తాత శ్రీకాకుళం నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చాడు. ఇక్కడ తెలుగువాళ్లం ఎంతమందిమి అంటే, 2020లో తెలుగును అధికార భాషగా గుర్తించాలని బెంగాల్ ప్రభుత్వం నిర్ణయించింది. అలాగని ఇక్కడివాళ్లంతా దేవుళ్లని కాదు, మమ్మల్నీ చిన్నప్పుడు మద్రాసీ అనేవాళ్లు. 1960ల్లో బొంబాయిలో శివసేన దక్షిణాదివాళ్ల ఉద్యోగాల మీద పడ్డప్పుడు కూడా తెలుగు, తమిళం అని వేరు చేసి చూడలేదు. సుబ్బు గారి లాజిక్ అప్పుడు మనవాళ్ల మీద నడిచింది.

సూటిగా_సుబ్బు:
పాత కథలతో నన్ను కదిలించలేరు. వసంత గారు చెప్పిన జీతం సంగతి మాత్రం మా కాలనీలోనూ చూశాను, కాదనను. అయినా పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవర్నీ రానివ్వకూడదనేది నా మాట.

గోదారోడు_గురుగ్రామ్:
అయితే సవరణ పెడతాను. భాష ఊసు తీసేసి, పనివాళ్లు, డ్రైవర్లు, అద్దెకొచ్చేవాళ్లు అందరికీ వెరిఫికేషన్. ఊరి నుంచి కాగితం వచ్చేదాకా పని ఆపకూడదు, జీతం తగ్గించకూడదు, రిజిస్టర్‌లో పేరు ఉండి తీరాలి. తిరిగే ఖర్చు పెట్టుకున్న ఇంటిదే.

సూటిగా_సుబ్బు:
అద్దెవాళ్లనీ, ఖర్చునీ కలిపారా? మీ సవరణకు మీ ఆవిడ ఓటు కూడా పడదు.

వసంత_నోయిడా:
మీటింగ్‌కు ఒకరిద్దరు దీదీలను కూడా రమ్మనండి గోదారోడు గారూ. ఓటు లేకపోయినా, వాళ్ల ముందు ఆ తీర్మానం చదివి వినిపించమనండి మీ కోశాధికారిని.