అబింధనమా, అనింధనమా?

బైరాగిపట్టెడ: మా పిలకాయలు గెన్షిన్ ఇంపాక్ట్ అనే వీడియోగేమ్ ఆడతా ఉండారు. దాంట్లో భూతాలు ఏడంట: నిప్పు, నీరు, గాలి, రాయి, మంచు, చెట్టూచేమా, మెరుపు. నిప్పుండగా మెరుపును విడిగా ఎందుకు పెట్టినారో అనుకుంటే న్యాయశాస్త్రం పుస్తకం తర్కసంగ్రహంలో ముక్క నోటిదాకా వచ్చింది: "అనింధనం దివ్యం విద్యుదాది", ఇంధనం లేనిది దివ్యం, మెరుపు మొదలైనవి అని. అంతేనా?

పాతపాఠశాల: "అనిం" కాదు సామీ, "అబిం". అప్పు ఇంధనంగా గలది. అప్పంటే నీళ్లు, బ్యాంకుది కాదు. తేజస్సు అనే ఒక్క భూతంలోనే నేలమీది నిప్పు భౌమం, మెరుపు దివ్యం, కడుపులోది ఉదర్యం, గనిలో బంగారం ఆకరజం.

బైరాగిపట్టెడ: ఇంధనమే లేనిదన్నా కుదురుతాది గదా సార్. "ఆది"లో సూర్యుణ్ణి కలిపితే ఆయనకు నీళ్లెవరు పోసినారు?

పాతపాఠశాల: "ఆదత్తే హి రసం రవిః", సూర్యుడు నీటిని పీల్చుకుంటాడు. కాళిదాసు రఘువంశం మొదటి సర్గ. తాగేది ఆయనే.

కాణిపాకం రోడ్డు: సర్గ మార్చండి సార్. పదమూడులో సముద్రాన్ని చెప్తా "అబింధనం వహ్నిమసౌ బిభర్తి" అన్నాడు, నీళ్లు ఇంధనంగా గల నిప్పును ఇది మోస్తాదని. అదే సముద్రంలో మండే బడబాగ్ని. మాటే దొరికినాక ఇంగ సూర్యుడెందుకు?

బైరాగిపట్టెడ: అక్కడా "అనింధనం" పెట్టి చదువు తమ్ముడూ, గణం చెడదు.

కాణిపాకం రోడ్డు: గణం చెడదన్నా, పద్యం చెడతాది. నీళ్లనే మేసే నిప్పు అనడంలోనే ఉంది చమత్కారమంతా.

కాళాస్త్రి: అందరూ కాళిదాసు దగ్గరే ఆగినారే! మన ధూర్జటి కాళహస్తీశ్వర శతకం మొదటి పద్యం చూడండి: "శ్రీవిద్యుత్కలితాజవంజవ మహాజీమూత పాపాంబుధారావేగంబున". సంపద మెరుపు, సంసారం మబ్బు, పాపం వాన. వాయులింగం సామికి రాస్తా గాలి మాటే ఎత్తలేదు!

పాతపాఠశాల: గాలి లేకుండా ధారకు వేగం ఎక్కడిదమ్మా?

కాళాస్త్రి: అది మీరు ఊదిన గాలి సార్, ధూర్జటిది కాదు.

డిగ్రీ రెండో ఏడు: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పోకెమాన్ గేమ్‌లో ప్రాణులకూ దెబ్బలకూ 18 రకాలు. మెరుపు దెబ్బ నీటి రకానికి రెండింతలు తగులుతుంది, నేల రకానికి అసలు తగలదు. ఆటకు కావాల్సింది ఏది దేంతో పుట్టిందని కాదు, ఏది దేన్ని కొడుతుందని. మెరుపును నిప్పు కిందేస్తే నీళ్లకు ఆరిపోవాల. గేమ్‌లో నీళ్లు తగిలితే ఇంకా రేగుతుంది. అందుకే వేరు.

పాతపాఠశాల: అబ్బీ, నువ్వు చెప్పిందే అబింధనం!

బైరాగిపట్టెడ: రేగడం వేరు, కాలడం వేరు సార్. గెన్షిన్‌లో నీళ్లూ మెరుపూ కాసేపు ఒకేచోట ఉంటాయంట. నీళ్లు నిజంగా కాలడమే అయితే కట్టె మిగులుతుందా?

పాతపాఠశాల: అది పోనీ. మంచును విడదీయడం మాత్రం నాకు మింగుడుపడదు. నీటి గురించి "సింధుర్హిమాదిః", సముద్రం, మంచు మొదలైనవి అంటుంది ఇంకో న్యాయగ్రంథం కారికావళి. హిమం నీరే.

కాళాస్త్రి: మంచుకు వేరే పోస్టు పెట్టుకోండి సార్. ధూర్జటి పద్యంలో ఆ "శ్రీ" సంపదే అంటారా, శతకారంభంలో మంగళానికి పెట్టిన శ్రీయా?

కాణిపాకం రోడ్డు: మంగళమైతే మెరుపుకు ఉపమేయం యాడుండాదక్కా?