అక్షరానికి బోర్డు ఆర్టిస్టు వేసినట్టు షేడ్ రావాలంటే?

ప్రశ్న:
మా నాన్నగారు బోర్డులు రాసేవారు. ఆయన వేసిన షేడ్ (అక్షరం పక్కన నీడలా వేసే రంగు) అక్షరానికి అంటుకునేది కాదు. మధ్యలో సన్నని సందు, అందులోంచి బోర్డు రంగు కనిపించేది. ఇలస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అదే తేవాలని మూడు రోజులుగా 'శ్రీ' పట్టుకుని కూర్చున్నాను. అందులో రెడీమేడ్‌గా ఉండే నీడ, డ్రాప్ షాడో, పొగలా మసకగా ఉంది. అక్షరాన్ని కాపీ చేసి ఎడమకి, కిందికి జరిపి, రెంటి మధ్యా వరసగా కాపీలు నింపే బ్లెండ్ వేస్తే వంపుల దగ్గర అంచు రంపం పళ్లలా వస్తోంది. అక్షరం మీది గుడి లోపలి ఖాళీ పూర్తిగా పూడుకుపోయింది. సందు ఎలా తేవాలో అసలు తెలియడం లేదు.

జవాబు 1:
బ్లెండ్ ఆప్షన్స్‌లో స్పెసిఫైడ్ స్టెప్స్ (మధ్యలో వచ్చే కాపీల సంఖ్య) 200 పెట్టి చూడండి, అంచు నునుపుగా కనిపిస్తుంది.

జవాబు 2:
ప్రింట్‌కైతే 200 స్టెప్స్ సరిపోతాయి. స్టిక్కర్ కటింగ్‌కి పంపితే మాత్రం ఆ వేల పాయింట్లతో మెషీన్ నత్తనడక నడుస్తుంది.

నేను కుంచె పట్టి, తర్వాత కంప్యూటర్‌కి వచ్చినవాణ్ణి. సందు వదిలేది అందానికే కాదండీ. అక్షరం రంగు ఆరకముందే షేడ్ వేసేయొచ్చు, కుంచె తడి రంగుకి తగలదు. దూరం నుంచి అక్షరం విడిగా, స్పష్టంగా కనిపిస్తుంది కూడా.

ముందు క్రియేట్ అవుట్‌లైన్స్‌తో అక్షరాన్ని గీసిన ఆకారంగా మార్చి, రావత్తుతో సహా అంతా యునైట్ చేయండి, అంటే ఒకే ఆకారంగా కలపండి. లేకపోతే ఒత్తు అక్షరాన్ని తాకే చోట అనవసరమైన గీతలు మిగులుతాయి. కాపీని 8 మి.మీ. ఎడమకి, 8 మి.మీ. కిందికి జరపండి. ఇప్పుడు బ్లెండ్ వద్దు. షిఫ్ట్ నొక్కి, కాపీ జరిపిన దిశలోనే 45 డిగ్రీల గీత గీసి, అక్షరం వంపునీ కాపీ వంపునీ అంచున తాకేదాకా జరపండి. గుండ్రానికి అలా తాకే చోట్లు రెండే: పైన ఎడమవైపు ఒకటి, కింద కుడివైపు ఒకటి. మూలలున్న చోట మూల నుంచి మూలకి గీత. ఆ గీతల మధ్య భాగాన్ని మూసి కాపీతో యునైట్ చేస్తే షేడ్ తయారు. చేత్తో మేమూ ఇలాగే గీసేవాళ్లం.

సందు కోసం అసలు అక్షరానికి ఆఫ్‌సెట్ పాత్ 2 మి.మీ. ఇచ్చి (అంచు చుట్టూ అంత లావైన ఆకారం వస్తుంది), దాన్ని మైనస్ ఫ్రంట్‌తో షేడ్‌లోంచి కోసేయండి. సందు షేడ్‌నే తింటుంది కాబట్టి, 6 మి.మీ. షేడ్ కావాలంటే 8 జరపాలి. గుడి పూడకుండా ఉండాలంటే ఆ జరుపు లోపలి ఖాళీలో సగం దాటకూడదు.

జవాబు 3:
ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ గీతల పని అదే చేస్తుంది. ఎక్స్‌టెన్షన్స్‌లో జనరేట్ ఫ్రమ్ పాత్, అందులో మోషన్. దూరం, కోణం ఇవ్వండి. వచ్చిన ముక్కల్ని అన్‌గ్రూప్ చేసి యూనియన్ చేస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు:
గీతల పద్ధతిలోనే చేశాను. సందు అచ్చం నాన్నగారిదే! చూడగానే కళ్లు చెమర్చాయి. ఒక్క సందేహం: దీర్ఘం కొన దగ్గర షేడ్ సూదిలా సాగి మిగిలింది. ఉంచాలా?

జవాబు 2:
తీసేయండి. అంత సన్నని మొనలోకి కుంచె వెళ్లదు. కాస్త ముందే కోసి, కొన గుండ్రంగా చేయండి.