డెషూట్స్ నదిలో ట్రౌట్‌కూ స్టీల్‌హెడ్‌కూ ఏ ఋతువులో ఎలా గాలం వేయాలి?

ప్రశ్న – రాయగడ నుంచి

అన్నగారికి నమస్కారం. మాది రాయగడ. చిన్నప్పటి నుంచి నాగావళిలో, ముఖ్యంగా హాతీపథర్ బండల దిగువన, వెదురు గాలపు కర్రతో, వానపామునో పిండిముద్దనో ఎరగా గుచ్చి చేపలు పట్టే అలవాటు నాకు ఉంది. ఉద్యోగరీత్యా వచ్చే జనవరిలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఉన్న పోర్ట్‌లాండ్ నగరానికి వెళ్తున్నాను. అక్కడికి సుమారు రెండు గంటల ప్రయాణ దూరంలో ఉన్న డెషూట్స్ నది ఫ్లై ఫిషింగ్‌కు, అంటే ఈకలతో, దారంతో పురుగులా కట్టిన ‘ఫ్లై’ అనే కృత్రిమ ఎరతో చేపలు పట్టడానికి, పేరుపొందినదని తెలిసింది. అక్కడ ఏ నెలలో ట్రౌట్‌ను, ఏ నెలలో స్టీల్‌హెడ్‌ను వెతకాలి, ఎలాంటి కర్ర కొనాలి, వెళ్లేలోపు ఇక్కడే నేర్చుకోగలిగినది ఏమైనా ఉందా అన్నవి నా సందేహాలు. మీరు చాలాకాలం ఆ ప్రాంతంలో ఉన్నారని విని అడుగుతున్నాను.

జవాబు – పర్లాకిమిడి నుంచి

తమ్ముడూ, మీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. ట్రౌట్, స్టీల్‌హెడ్ అని రెండు పేర్లు విన్నారు గాని, డెషూట్స్‌లో మీకు ఎదురయ్యే ఈ రెండూ ఒకే జాతి చేపలు. రెయిన్‌బో ట్రౌట్‌లో కొన్ని పుట్టిన నదిలోనే జీవితమంతా గడుపుతాయి. కొన్ని ఒకటి నుంచి మూడేళ్ల వయసులో సముద్రానికి దిగి, అక్కడ పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికి ఎక్కివస్తాయి. అలా వచ్చినదే స్టీల్‌హెడ్. మన గోదావరికి వరద కాలంలో సముద్రపు ఇలస ఎదురెక్కి వచ్చి పులస కావడం మీకు తెలిసినదే కాబట్టి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. నదిలోనే ఉండిపోయే ట్రౌట్‌తో దీనికి తేడా ఏమిటంటే, స్టీల్‌హెడ్ నదిలోకి వచ్చాక నెలల తరబడి ఆహారం దాదాపు తీసుకోకుండానే ఉండగలదు. అందుకే నదిలో మేస్తున్న ట్రౌట్‌కు ఆకలి చూసి గాలం వేయాలి, స్టీల్‌హెడ్‌కు మాత్రం దాని దారీ, అది ఆగే చోటూ చూసి వేయాలి. ఋతువును బట్టి మీరు చేయవలసిన ప్రతి మార్పూ ఈ తేడా నుంచే వస్తుంది.

రెండో విషయం, క్యాలెండర్ కంటే నీటి ఉష్ణోగ్రతను నమ్మండి. చవకైన థర్మామీటరు ఒకటి ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. సుమారు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ట్రౌట్ చురుకుగా మేస్తుంది. 5 డిగ్రీలకు దిగితే అది మందగించి, లోతైన నెమ్మది నీటిలో కదలకుండా ఉంటుంది. 20 డిగ్రీలకు చేరువైతే నీటిలో ప్రాణవాయువు తగ్గి, మీరు పట్టి వదిలిన చేప కూడా ఆ తర్వాత చచ్చిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు గాలం చుట్టేసి ఒడ్డున కూర్చోవడమే న్యాయం. వేడి ఎక్కువైన వేసవుల్లో మధ్యాహ్నం 2 గంటల తర్వాత చేపల వేటను రాష్ట్రమే నిలిపివేస్తుంది.

ఇక నెలల సంగతి. మీరు జనవరిలో చేరుతున్నారు కాబట్టి మొదట చలికాలమే ఎదురవుతుంది. అప్పుడు డెషూట్స్‌లో ట్రౌట్ కోసం పొద్దున్నే వెళ్లి చలికి వణకనక్కరలేదు. నీరు కాస్త వెచ్చబడే మధ్యాహ్నం వేళ, నింఫ్ అనే చిన్న ఎరలను, అంటే నీటి అడుగున పెరిగే పురుగుల పిల్లదశను అనుకరిస్తూ ఈకలతో, దారంతో కొక్కేనికి కట్టినవాటిని, రాళ్ల పక్కన నెమ్మదిగా దొర్లేలా వదలాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మేఫ్లైలు అనే రెక్కల పురుగులు నీటి నుంచి లేవడం పెరుగుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో ట్రౌట్ పైకి లేచి వాటిని అందుకోవడం కంటికి కనిపిస్తుంది. అయితే ఈ నది రెయిన్‌బోలు గుడ్లు పెట్టేది కూడా వసంతంలోనే. కంకర అడుగున పాచి లేకుండా తెల్లగా, పళ్లెం ఆకారంలో తుడిచినట్టున్న చోటు కనిపిస్తే అది గుడ్ల గూడు. అక్కడ కాలు పెట్టవద్దు; దాని మీద ఉన్న చేపలకు గాలం వేయవద్దు.

మే మధ్య నుంచి జూన్ మొదటి వారాల వరకు డెషూట్స్‌కు పండుగ రోజులు. సాల్మన్‌ఫ్లై అనే స్టోన్‌ఫ్లై, దాదాపు వేలి పొడవు ఉండే నారింజ రంగు పొట్ట పురుగు, ఒడ్డున ఉన్న గడ్డి మీదికీ పొదల మీదికీ వేల సంఖ్యలో ఎక్కి, గాలి వీచినప్పుడు నీటిలో రాలిపడుతుంది. ఆ రోజుల్లో పెద్ద ట్రౌట్‌లు నది నడుమ ఉండవు. చెట్టుకొమ్మలు నీటి మీదికి వాలిన చోట, ఒడ్డుకు మూరెడు దూరంలోనే ఉంటాయి. కొత్తగా వచ్చినవారు ఎక్కువగా చేసే పని ఆ చేపలు ఉన్న చోటనే నీళ్లలోకి దిగి, వాటిని బెదరగొట్టి, నది మధ్యకు గాలం విసరడం. ముందు ఒడ్డున నిలబడే ఒడ్డు వెంట గాలం వేయండి, ఆ తర్వాతే దిగండి. జూన్ తర్వాత సాయంత్రాలు క్యాడిస్ పురుగులవి. సూర్యుడు లోయ గోడ వెనక్కి వెళ్లాక చివరి గంటే అసలు సమయం.

స్టీల్‌హెడ్ జూలై నుంచి కొలంబియా నది మీదుగా డెషూట్స్ ముఖద్వారానికి చేరడం మొదలుపెడుతుంది. ఆ నెలల్లో కొలంబియా బాగా వేడెక్కుతుంది కాబట్టి, ఇంకా ఎగువకు వెళ్లవలసిన వేరే నదుల స్టీల్‌హెడ్‌లు సైతం చల్లదనం కోసం డెషూట్స్‌లోకి వచ్చి తలదాచుకుంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలలకు చేపలు మౌపిన్ ఊరి పరిసరాల వరకు విస్తరిస్తాయి. నా దృష్టిలో ఆ రెండు నెలలే మొదటిసారి ప్రయత్నించేవారికి అత్యుత్తమం. ఎండ నీటి మీద పడని తెల్లవారుజామూ, మునిమాపూ ఎంచుకోండి. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు స్టీల్‌హెడ్ కోసం మాత్రం డెషూట్స్‌ను విడిచి పోర్ట్‌లాండ్‌కు దగ్గరగా ఉన్న సాండీ, క్లాకమస్ నదులకు వెళ్లండి. అక్కడికి వచ్చేది శీతకాలపు స్టీల్‌హెడ్.

స్టీల్‌హెడ్‌కు ఫ్లై వేసే పద్ధతి మీ వెదురు కర్ర అలవాటుకు పూర్తిగా విరుద్ధం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ప్రవాహానికి అడ్డంగా, కొంచెం దిగువకు, అంటే సుమారు 45 డిగ్రీల కోణంలో విసిరి, నీటి ఒత్తిడికి ఫ్లై ఒక చాపంలా ఈవలి ఒడ్డు వైపు తిరిగి మీ దిగువన వేలాడే వరకు వదిలేయాలి. ఆ తర్వాత రెండడుగులు దిగువకు నడిచి మళ్లీ అదే పని. ఇలా ఒక ప్రవాహాన్ని మొత్తం జల్లెడ పట్టాలి. చేప తగిలినట్టు అనిపించగానే మనం బెండు మునిగినప్పుడు చేసినట్టు పైకి లాగితే ఫ్లై నోట్లోంచి వచ్చేస్తుంది. చేపే దారాన్ని లాక్కొని, అది తిరిగి వెళ్లే బరువు చేతికి తెలిసే వరకు ఏమీ చేయకుండా ఉండాలి. వేసవిలో నీటి మీద తేలే లైన్ చాలు. చలికాలంలో చేప అడుగునే ఉండి, పక్కకు కదలడానికి ఇష్టపడదు కాబట్టి కొన మునిగే లైన్‌తో ఫ్లైని దాని ముఖం ముందుకు తీసుకెళ్లాలి.

ట్రౌట్‌కు దీనికి వ్యతిరేకం: ఫ్లై ఏ లాగుడూ లేకుండా నీటి వేగంతోనే కొట్టుకుపోవాలి, రవ్వంత ఎదురీదినా చేప నమ్మదు.

కర్ర విషయంలో తొందరపడవద్దు. మొదటి ఏడాదికి 9 అడుగుల 5-వెయిట్ కర్ర ఒక్కటి కొనండి (వెయిట్ అంటే కర్రకు తగిన లైన్ బరువును చెప్పే అంకె; అంకె పెరిగే కొద్దీ కర్ర బలమైనది). ట్రౌట్‌కు అది సరిపోతుంది. స్టీల్‌హెడ్‌కు 7 లేదా 8-వెయిట్ కర్ర రెండో ఏడాది కొనవచ్చు. రెండు చేతులతో విసిరే స్పే కర్రలు అక్కడ ఎక్కువగా చూస్తారు, అవి స్కాట్లాండ్‌లోని స్పే నది నుంచి వచ్చిన పద్ధతి, చాలా అందమైన పద్ధతి కూడా. కాని ఒంటిచేతి విసురు వచ్చిన తర్వాతే వాటి జోలికి వెళ్లండి. ఇక్కడ ఉండగా నేర్చుకోదగినది ఆ విసురే. ఖాళీ మైదానంలో, కొక్కేనికి బదులు లైన్ చివర చిన్న ఊలు ముక్క కట్టి, వెనక్కి విసిరిన లైన్ పూర్తిగా చాచుకునే వరకు ఆగి, అప్పుడు ముందుకు విసరడం సాధన చేయండి. ఆ ఆగడం చేతికి అలవాటైతే సగం విద్య వచ్చినట్టే. ఫ్లై ఫిషింగ్‌లో బరువు ఎరలో కాక లైన్‌లో ఉంటుంది, అందుకే ఆ ఆగడం తప్పనిసరి.

ప్రశ్న – జయపురం నుంచి

అన్నయ్యగారూ, నేను జయపురంలో అధ్యాపకురాలిని. మాకు అమెరికా యోగం లేదు. మన కొరాపుట్ కొండల ఏరుల్లో, దేవమాలి పరిసరాల్లో ట్రౌట్ పెంచే అవకాశం ఉందా? లేకపోతే మే నెల సెలవుల్లో పిల్లలతో ఎక్కడికి వెళ్తే ఈ చేపను చూడగలం?

జవాబు – పర్లాకిమిడి నుంచి

చెల్లెమ్మా, దేవమాలి 1,672 మీటర్ల శిఖరమే అయినా, ట్రౌట్‌కు కావలసింది ఎత్తు ఒక్కటే కాదు, ఏడాది పొడవునా చల్లగా పారే నీరు. మన ఏరులు వానల మీద ఆధారపడినవి. ఏప్రిల్, మే నెలల్లో సన్నబడి వేడెక్కుతాయి. కాబట్టి ఆ ఆలోచన వద్దనే నా సలహా. ఆ ఏరులకు సొంతమైన చిన్న చేపలు ఉన్నాయి, వాటిని అలా బతకనివ్వడమే మేలు.

మన దేశంలో ట్రౌట్ అంతా బ్రిటిష్ వారి కాలంలో బయటి నుంచి తెచ్చి వదిలినదే. హిమాచల్‌లోని కులూ లోయలో 1909లో ట్రౌట్ పెంపకం మొదలైంది; అక్కడ పత్లీకుహల్ వద్ద పెంపక కేంద్రం ఉంది. అది పిల్లలకు చూపించదగినది. అదే కులూ జిల్లాలోని తీర్థన్ నదిలో బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ ఉన్నాయి. బ్రౌన్ ట్రౌట్ చలికాలం మొదట్లో గుడ్లు పెడుతుంది కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు హిమాచల్‌లో ట్రౌట్ వేట నిషేధం. మే నెలలో వెళ్లవచ్చు, కాని మంచు కరిగి నీరు పెరిగే కాలం కాబట్టి ఉదయం వేళలే వాడుకోండి. పిల్లలను ప్రవాహంలోకి దించవద్దు. దక్షిణాన నీలగిరుల్లో రెయిన్‌బో ట్రౌట్ ఉంది. ఎక్కడికి వెళ్లినా స్థానిక మత్స్యశాఖ అనుమతిపత్రం ముందే తీసుకోవాలి. సముద్రం నుంచి ఎక్కివచ్చే స్టీల్‌హెడ్ మాత్రం మన దేశంలో లేదు.

మరో సందేహం – రాయగడ నుంచి

అన్నగారూ, ఎంతో వివరంగా చెప్పారు, కృతజ్ఞతలు. పట్టిన చేపను ఇంటికి తెచ్చుకోవచ్చా? అక్కడి అనుమతుల సంగతి కూడా చెప్పగలరా?

జవాబు – పర్లాకిమిడి నుంచి

తమ్ముడూ, ఈ ప్రశ్న మీరు అడగకపోయినా నేనే చెప్పేవాడిని. స్టీల్‌హెడ్‌ను పట్టగానే దాని వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న కండ రెక్కను చూడండి. పెంపక కేంద్రంలో పుట్టినవాటికి ఆ రెక్కను చిన్నప్పుడే కత్తిరించి వదులుతారు. అక్కడ మానిన మచ్చ కనిపిస్తే ఆ చేపను నియమాల మేరకు ఉంచుకోవచ్చు. రెక్క పూర్తిగా ఉంటే అది సహజంగా నదిలో పుట్టినది, నీటిలోంచి పైకి ఎత్తకుండానే వదిలేయాలి. చాలా జాతుల పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చనిపోతుంది. స్టీల్‌హెడ్‌లో కొన్ని మాత్రం బతికి, సముద్రానికి వెళ్లి, మళ్లీ రాగలవు. మీరు వదిలిన చేప ఇంకో ఏడాది గుడ్లు పెట్టవచ్చు, అందుకే దీన్ని నేను ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. కొక్కెపు ఎదురుముల్లును పటకారుతో నొక్కేయండి, చేతులు తడిపాకే చేపను తాకండి, మొప్పల్లో వేళ్లు పెట్టకండి, దాని తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి తనంత తానే వెళ్లే వరకు ఆసరాగా పట్టుకోండి.

అనుమతుల విషయానికి వస్తే, ఆరెగాన్ రాష్ట్ర చేపల వేట లైసెన్సుతో పాటు స్టీల్‌హెడ్‌కు వేరే ట్యాగు, అంటే ఉంచుకున్న చేపను నమోదు చేసే పత్రం, కావాలి. ఆరు నెలలు నివసించిన తర్వాతే స్థానికుల రుసుము వర్తిస్తుంది. డెషూట్స్ పడమటి ఒడ్డున కొంత భాగం వార్మ్ స్ప్రింగ్స్ తెగలవారి భూమి. అక్కడ వారి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఈ నదిలో పడవలో కూర్చొని గాలం వేయడం నిషేధం, దిగి నిలబడే వేయాలి. సహజమైన ఎరలకు కూడా చాలా భాగంలో అనుమతి లేదు కాబట్టి వానపాములను మరచిపోండి.

కొలంబియా మీద బొనవిల్ ఆనకట్ట వద్ద చేపల మెట్ల గుండా ఎక్కే చేపలను లెక్కించి, ఆ లెక్కను ప్రజలకు ప్రకటిస్తారు. 2021లో ఆ రాక మరీ పడిపోవడంతో డెషూట్స్‌లో స్టీల్‌హెడ్ వేటను మూసివేశారు. కాబట్టి ఆగస్టు నుంచి ఆ లెక్కనూ, రాష్ట్రం విడుదల చేసే తాజా నియమాలనూ చూడకుండా బయలుదేరవద్దు.

చివరగా, ఆ నది అడుగు రాళ్లు నాగావళి బండల కంటే ఎంతో జారుడు, ప్రవాహం బలమైనది, నీరు చల్లనిది. నీరు లోపలికి రానివ్వని, నడుము వరకు ఉండే వేడర్ దుస్తుల మీద బెల్టు గట్టిగా బిగించండి, చేతికర్ర పట్టుకోండి, మోకాళ్లు దాటిన నీటిలో ఒంటరిగా నిలబడవద్దు.